నూటపదిమంది గియోమ్‌లు

1171 క్రిస్మస్ పండగ. నార్మండీలో బయ్యో పట్టణానికి దగ్గర్లోని బ్యూర్ అనే చోట ఇంగ్లండు యువరాజు హెన్రీ కొలువు తీరాడు. తండ్రి బతికుండగానే కిరీటం పెట్టించుకున్న కుర్రాడు. నార్మండీలో అతనిది అదే మొదటి కొలువు కాబట్టి విందు ఘనంగా ఉండాలనుకున్నాడు, జనం విరగబడి వచ్చారు. వచ్చినవాళ్ళలో ఇద్దరు పెద్ద అధికారులకు ఒకటే పేరు, గియోమ్ (ఇంగ్లీషులో విలియమ్). ఆ ఇద్దరూ ఒక గదిలో భోజనానికి కూర్చుని, గియోమ్ అన్న పేరు లేనివాడెవడూ ఇక్కడ తినడానికి వీల్లేదని మిగతావాళ్ళను బయటికి తరిమేశారు. అయినా గది ఖాళీ కాలేదు. లెక్కపెడితే ఒక్క నైట్‌లే 110 మంది తేలారు. అదే పేరున్న ఇంకా చాలామంది అప్పటికే హాల్లో రాజుతో కలిసి తింటున్నారట. మాన్ సాన్ మిషెల్ మఠాధిపతి రొబేర్ ద తొరిన్యీ తన చరిత్రలో రాసుకున్న ముచ్చట ఇది.

మధ్యయుగపు ఫ్రెంచి పేరు కోసం వెతికేవాళ్ళు ముందుగా చదవాల్సింది ఈ ముచ్చటే. చారిత్రక నవల రాసేవాళ్ళు, గేముల్లో పాత్రలు అల్లేవాళ్ళు, నాటకాలు వేసేవాళ్ళు అందరికీ ఈ అవసరం పడుతుంది. 1966లో అమెరికాలోని బర్కిలీలో మొదలైన ‘సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం’ అనే, పాతకాలపు జీవితాన్ని నటించి చూసే సంఘం సభ్యులైతే 17వ శతాబ్దానికి ముందు మనిషిలా ఒక పేరు పెట్టుకుని, దాన్ని సంఘంలో నమోదు చేయించాలంటే పాత పత్రాల్లోంచి సాక్ష్యం కూడా చూపించాలి. వీళ్ళలో చాలామంది వెతికేది ఎవరికీ లేని పేరు, వినసొంపైన పేరు, మంచి అర్థమున్న పేరు. మధ్యయుగాల్లో పేరు పెట్టినవాళ్ళకు ఈ మూడూ పెద్దగా పట్టలేదు. వాళ్ళకు కావలసింది ఇంట్లోనో ఊళ్ళోనో అప్పటికే ఉన్న పేరు. అందుకే పేరు వెతకబోయే ముందు మనిషిని తేల్చుకోవాలి: ఏ ఏడు, ఏ ఊరు, ఎవరి బిడ్డ, జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్నది ఎవరు. ఇవి తేలితే పేరు దాదాపు దానంతటదే వచ్చేస్తుంది.

తెలుగువాళ్ళకు బాగా తెలిసిన ఫ్రెంచి పేరు బుస్సీ. 1757 బొబ్బిలి యుద్ధం బుస్సీ. ఆయన పూర్తి పేరు షార్ల్ జోసెఫ్ పాతిసియె, మార్కీ ద బుస్సీ. అచ్చమైన ఫ్రెంచి పేరే, కానీ దీన్ని 13వ శతాబ్దపు పాత్రకు తగిలిస్తే మూడు చోట్ల తేడా కొడుతుంది. షార్ల్, జోసెఫ్ అని రెండు పేర్లు కలిపి పెట్టడం అప్పట్లో లేదు, ఒక మనిషికి జ్ఞానస్నానపు పేరు ఒక్కటే. జోసెఫ్ అన్న పేరు క్రైస్తవుల్లో బాగా వ్యాపించింది మధ్యయుగాలు దాటాకే. ఇక పాతిసియె అంటే పిండివంటలు చేసి అమ్మేవాడు. బుస్సీ నాటికి అది తరాలుగా వస్తున్న ఇంటిపేరు మాత్రమే. 1292 పారిస్‌లో ఒకడి పేరు పక్కన ఆ మాట కనిపిస్తే మాత్రం వాడు నిజంగానే పొయ్యి ముందు నిలబడి పని చేసేవాడై ఉండే అవకాశం ఎక్కువ.

కాలాన్ని బట్టి పేర్ల తీరే మారిపోయింది. 9వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పారిస్ దగ్గరి సాన్ జెర్మాన్ దె ప్రే మఠాధిపతి ఇర్మినోన్ తన మఠం భూములన్నిటినీ, వాటిని దున్నే కుటుంబాలతో సహా ఒక పుస్తకంలోకి ఎక్కించాడు. అందులో బోదో అనే రైతు, అతని భార్య ఎర్మెంత్రూద్, వాళ్ళ ముగ్గురు పిల్లలు ఉన్నారు. పేర్లు అచ్చంగా జర్మానిక్, అంటే రైన్ నదికి అవతలి జర్మన్ తెగల భాషలవి. వీళ్ళ పూర్వీకులంతా రైన్ నది దాటి వచ్చినవాళ్ళని కాదు. అటునుంచి వచ్చి ఏలిన ఫ్రాంకుల పేర్లను ఏలుబడిలోని జనం ఎప్పుడో తమవి చేసుకున్నారు. ఆనాటి పేరు సాధారణంగా రెండు ముక్కల కలయిక. అదల్ అంటే గొప్ప కులం, బెర్ట్ అంటే వెలుగు, హిల్ద్ అంటే యుద్ధం, రిక్ అంటే అధికారం. తండ్రి పేరులోంచి ఒక ముక్క, తల్లి పేరులోంచి ఒక ముక్క తీసి బిడ్డకు అతికించేవాళ్ళు. ముక్కలకు విడిగా అర్థాలున్నా కలిపాక అర్థం రావాలన్న పట్టింపు లేదు, హిల్దెగుండ్ అంటే ‘యుద్ధం యుద్ధం’ అవుతుంది మరి. పేర్ల వెబ్‌సైట్లలో ‘వెలిగే యోధురాలు’ లాంటి అర్థాలు చూసి మురిసిపోయేవాళ్ళు ఆ అర్థం పేరు పెట్టిన తల్లికి తట్టిందో లేదో ఆలోచించాలి.

ఈ పద్ధతిలో కొత్త పేర్లకు కొదవ లేదు. ఇర్మినోన్ పుస్తకంలో పేర్ల వైవిధ్యం చూస్తే దాదాపు అయిదు వందల ఏళ్ళ తర్వాతి పారిస్ చాలా బీదగా కనిపిస్తుంది. వెయ్యో సంవత్సరం అటూ ఇటూ అయ్యేసరికి ముక్కలు అతికించడం ఆగిపోయి, ఉన్న పేర్లనే మళ్ళీ మళ్ళీ పెట్టడం మొదలైంది. తాత పేరు, మేనమామ పేరు, ప్రభువు పేరు. ఆంజూలో ఫూల్క్, షాంపాన్యలో తిబో, ఫ్లాండర్స్‌లో బోదువాన్, నార్మండీలో గియోమ్, తులూజ్‌లో రైమోన్. ఏలే వంశంలో పేరు తరతరాలు తిరుగుతుంటే కింది ప్రభువులు, వాళ్ళ కింద రైతులు అదే పేరు అందుకున్నారు. రాజవంశంలోకి బయటి పేరు వచ్చిందంటే దాని వెనక ఏదో ఒక కారణం ఉంటుంది. ఫ్రాన్సు రాజు మొదటి హెన్రీ కీవ్ నుంచి అన్నా అనే రాకుమారిని పెళ్ళాడాడు. 1052లో పుట్టిన వాళ్ళ కొడుకు పేరు ఫిలిప్. అప్పటికి పశ్చిమాన చాలా అరుదైన ఈ గ్రీకు పేరు తల్లి వెంట వచ్చిందనే అనుకుంటారు. ఆ తర్వాత ఫ్రాన్సుకు ఎంతమంది ఫిలిప్‌లు రాజులయ్యారో తెలిసిందే. కాబట్టి 1040లో పుట్టిన ఫ్రెంచి నైట్‌కు ఫిలిప్ అని పెడితే తప్పు, 1240లో పుట్టినవాడికైతే బ్రహ్మాండంగా కుదురుతుంది.

12, 13 శతాబ్దాల్లో సాధువుల పేర్లు, బైబిల్ పేర్లు పైకొచ్చాయి. పియెర్, నికొలా, తొమా, ఎస్తియెన్, జాక్. అందరికంటే ముందు జాన్, అప్పటి రాతలో జెహాన్. ఈ దశను చూపించడానికి అన్నిటికంటే పనికొచ్చే పత్రం పారిస్ పన్ను జాబితా. నాలుగో ఫిలిప్ కాలంలో నగరవాసుల మీద వేసిన పన్ను జాబితాలు 1292 నుంచి 1313 మధ్యవి కొన్ని మిగిలాయి. 1292 నాటిదాంట్లోనే సుమారు 15 వేలమంది ఉన్నారు. ఏ పేటలో, ఏ వీధిలో, ఎవరు, ఎంత కట్టాలి అన్నది వరసగా, వీధి వెంట నడుచుకుంటూ పోతున్నట్టు రాసుకుపోయారు. అంతకంటే విలువైన సంగతి, అది లాటిన్‌లో కాక ఫ్రెంచిలో ఉంది. పెద్ద ప్రభువులు, మతగురువులు, పన్ను కట్టలేని నిరుపేదలు అందులో ఉండరు. దొరికేది బజారులో పనిచేసుకునే మనుషులు.

ఆ జాబితాలో జెహాన్‌లు, గియోమ్‌లు, పియెర్‌లు, రొబెర్ట్‌లు కుప్పలు తెప్పలు. మన ఊళ్ళో అయిదుగురు వెంకటేశ్వర్లుంటే ఏం చేస్తారో పారిస్ గుమస్తా కూడా అదే చేశాడు, పొట్టి వెంకటేశ్వర్లు, కిరాణా వెంకటేశ్వర్లు అన్నట్టు. జెహాన్ లె బ్రెటోన్ అంటే బ్రిటనీ నుంచి వచ్చినవాడు. లె రూ అంటే ఎర్రజుట్టువాడు, లె కాముస్ అంటే చప్పిడి ముక్కువాడు. తలెమెలియె అంటే రొట్టెలు కాల్చేవాడు. ద మో అంటే మో పట్టణంవాడు, అంతే. ఇక్కడే చాలామంది పొరపడతారు. పేరులో ‘ద’ కనిపిస్తే జమీందారీ వంశమని అనుకోవడం తర్వాతి శతాబ్దాల అలవాటు. ఊరిపేరు ఇంటిపేరుగా మారడం తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఊరు తమదైన రాజుకీ, ఆ ఊరు వదిలి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీకీ అదే ‘ద’. ఇలా పక్కన చేర్చిన మారుపేరు అప్పటికింకా కుటుంబానిది కాదు, మనిషిని అంటిపెట్టుకున్నదే. తండ్రి తలెమెలియె అయితే కొడుకు లె బ్రెటోన్ కావచ్చు. తరతరాల ఇంటిపేరుగా స్థిరపడడం నెమ్మదిగా, చోటుకో తీరుగా జరిగింది.

ఆడవాళ్ళ పేర్లలో వైవిధ్యం కాస్త ఎక్కువే మిగిలింది. జెహన్నె, మరియె, ఆన్యెస్, ఆలిస్, ఇసబెల్ ముందు వరసలో ఉంటే, ఆ వెనకే అమెలీన్, ఎదెలీన్, పెరొన్నెల్, ఎలొయిస్, మహౌత్. పారిస్‌ను కాపాడే సాధ్వి జనవియేవ్ పేరు ఆ నగరంలో సహజంగా దొరుకుతుంది. మారుపేరు ముందు ‘లె’ బదులు ‘లా’ వస్తుంది, వృత్తి పేరు కూడా స్త్రీలింగమవుతుంది: లా తలెమెలియేర్, లా లవందియేర్. ఈ రెండోది బట్టలుతికే ఆమె. అదే నగరంలో 1306లో దేశం నుంచి వెళ్ళగొట్టేదాకా యూదులూ ఉన్నారు. వాళ్ళ పేర్లది వేరే లోకం. మగవాళ్ళలో వివాన్, హకిన్, మొస్సె. ఆడవాళ్ళలో బెలెసెజ్, అంటే చాలా అందమైనది. ఇలా అర్థం పైకి కనిపించే ఫ్రెంచి పేరు కావాలంటే ఇక్కడ వెతకాలి, జెహాన్‌ల మధ్య కాదు.

బిడ్డకు పేరు తల్లిదండ్రులు పెట్టేవాళ్ళనుకోవడం మరో పొరపాటు. చాలాసార్లు పేరు జ్ఞానస్నానం నాడు బిడ్డను ఎత్తుకున్న జ్ఞానతండ్రిదో జ్ఞానతల్లిదో అయ్యేది. ఒకే ఇంట్లో ఇద్దరు జెహాన్‌లు బతికుండడం అందుకే వింత కాదు. దీన్ని దగ్గరగా చూపించేది 1431 ఫిబ్రవరి 21న రువాన్‌లో జరిగిన విచారణ. పేరేమిటని అడిగితే ఖైదీ చెప్పిన జవాబు: మా ఊళ్ళో నన్ను జన్నెత్ అనేవాళ్ళు, ఫ్రాన్సుకు వచ్చాక జాన్ అంటున్నారు, ఇంటిపేరు సంగతి నాకేమీ తెలియదు. జ్ఞానతల్లుల్లో ఒకామె ఆన్యెస్, ఒకామె జాన్, ఒకామె సిబీల్ అని చెప్పింది. ఇలాంటి జ్ఞానతల్లి ఉంటే పేరు ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. నెల తర్వాత ఆ వాంగ్మూలం చదివి వినిపించినప్పుడు, తన ఇంటిపేరు దార్క్ లేదా రొమే అనీ, తమ ప్రాంతంలో ఆడపిల్లలు తల్లి ఇంటిపేరు పెట్టుకుంటారనీ చేర్చింది. లోకమంతటికీ తెలిసిన జాన్ దార్క్ (ఇంగ్లీషులో జోన్ ఆఫ్ ఆర్క్) అన్న పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు ఆమె ఊళ్ళో లేరన్నమాట. ఆమె సంతకం ‘జెహన్నె’ అని ఒక్క మాట. తండ్రి ఇంటిపేరు పత్రాల్లో దార్క్, టార్క్, డే అంటూ రకరకాలుగా పడింది. మధ్యలో ఇప్పుడు పెట్టే అపాస్ట్రఫీ అప్పటి రాతలో లేదు, అక్షరాల నెత్తిన గీతలూ లేవు. అవి తర్వాతివాళ్ళు చేర్చిన సొగసులు.

జ్ఞానతల్లి పేరు మగబిడ్డకు పెట్టడం కూడా జరిగింది. 1493లో పుట్టి ఫ్రాన్సు సేనాధిపతి అయిన ఆన్ ద మొంమొరాన్సీ మగవాడు. జ్ఞానతల్లి ఆన్ మహారాణి పేరే అతనిదీ. 14వ శతాబ్దపు పండితుడు, లిసియూ బిషప్ నికోల్ ఒరేమ్ కూడా మగవాడే. ఇప్పుడు నికోల్ ఆడపేరు కాబట్టి ఆ కాలపు ఆడపాత్రకు నికోల్ అని పెడితే సరిపోతుందనుకుంటే చదువరి ఒక్క క్షణం తికమకపడతాడు. ఆడపిల్లకైతే కొలెత్ మేలు.

పత్రం కనిపించింది కదా అని అందులోని రూపాన్ని ఉన్నదున్నట్టు దించేసుకోవడంలోనూ చిక్కుంది. 13వ శతాబ్దం దాకా ఎక్కువ పత్రాలు లాటిన్‌లోనే రాశారు. జొహానెస్, గుల్యెల్ముస్, ఓదో అని గుమస్తా రాశాడంటే ఆ మనిషిని ఇంట్లో అలా పిలిచారని కాదు. ఓదోను ఊళ్ళో అందరూ ‘ఎయుద్’ అనే అని ఉంటారు. ఫ్రెంచిలో రాసిన పత్రం దొరికినా మరో మెలిక ఉంది, తెలుగువాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. రాముడు వచ్చాడు అంటాం, కానీ రాముని ఇల్లు అంటాం. పాత ఫ్రెంచిలోనూ మగపేరుకు కర్తగా ఒక రూపం, మిగతా చోట్ల మరో రూపం. 842లో స్ట్రాస్‌బూర్‌లో ఇద్దరు రాజులు చేసిన ప్రమాణాలు ఫ్రెంచి భాషకు మొట్టమొదటి సాక్ష్యం అంటారు. అందులో లూయీ కర్త అయినచోట ‘లొద్‌హువిగ్స్’ అని చివర స్ ఉంటుంది. షార్ల్ కర్త అయినచోట ‘కార్లుస్’, కానప్పుడు ‘కార్లో’. తర్వాతి శతాబ్దాల్లో హ్యూస్, హ్యూవోన్ అని రెండు రూపాలు కనిపిస్తాయి. ఆ ఇద్దరూ ఒకడే, రాముడూ రామునీ ఒకడే అయినట్టు. 14వ శతాబ్దానికి ఈ తేడా కూలిపోయి ఎక్కువ పేర్లకు రెండో రూపమే నిలిచింది. షార్ల్, జాక్, జిల్, ఈవ్, జార్జ్ పేర్ల చివర ఇప్పటికీ రాసి పలకని స్ మాత్రం ఆ పాత కర్త రూపపు మిగులు.

పలుకుబడి సంగతి తెలుగులో రాసేవాళ్ళకు ప్రత్యేకంగా తగులుతుంది, ఎందుకంటే తెలుగు లిపి దాన్ని దాచనివ్వదు. ఇవాళ్టి ఫ్రెంచివాళ్ళు షార్ల్, రిషార్ అంటారు. 12వ శతాబ్దంలో ఆ శబ్దం మన ‘చ’కు దగ్గరగా ఉండేది, చివరి హల్లులూ వినపడేవి. అంటే చార్లెస్, రిచార్ట్. ఇంగ్లీషువాళ్ళు నార్మన్ల దగ్గర నేర్చుకున్న పేర్లలో ఆ చ, జ శబ్దాలను ఇప్పటికీ పట్టుకు వేలాడుతుంటే, ఫ్రాన్సులో అవి 13వ శతాబ్దంలో మెత్తబడిపోయాయి. గియోమ్‌కు విలియమ్‌కు తేడా కూడా ఇలాంటిదే. ఉత్తరాన పికార్డీలో, నార్మండీలో కొంతమేర ‘వ’ శబ్దం నిలిచి విల్లామె అయింది, పారిస్ వైపు అదే ‘గ’ అయింది. వాల్టర్‌కూ గోతియెకూ ఇదే చుట్టరికం. కాబట్టి మొదటి క్రూసేడ్ మీద తెలుగులో నవల రాస్తూ పాత్రలను షార్ల్, రిషార్ అని పిలిస్తే అది నేటి పారిస్ ఉచ్చారణ. తప్పని కొట్టేయలేం, ఈ వ్యాసంలో కూడా చాలా పేర్లు చదువరికి అలవాటైన నేటి రూపంలోనే ఉన్నాయి. కానీ చార్లెస్ అని రాసినవాణ్ణి ‘ఇంగ్లీషు పేరు పెట్టావేం’ అని వెక్కిరించే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

దక్షిణాదికి దిగితే భాషే మారిపోతుంది. అక్కడ ఆక్సితాన్. పియెర్ కాస్తా పెయిరె, గియోమ్ కాస్తా గిల్యెమ్ అవుతారు. 1318 నుంచి 1325 దాకా పామియే బిషప్ జాక్ ఫుర్నియె మతవిరోధుల మీద విచారణ జరిపి, వాంగ్మూలాలు వివరంగా రాయించాడు. ఈయనే తర్వాత పోప్ అయ్యాడు. పిరెనీ కొండల్లోని మొంతయూ అనే పల్లె ఆ రాతల వల్లే చరిత్రకెక్కింది. ఊరి పూజారి పెయిరె క్లెర్గ్, అతని అన్నదమ్ముడు, ఊరి అధికారి బెర్నాట్ క్లెర్గ్. మగవాళ్ళంతా దాదాపు పెయిరె, గిల్యెమ్, రైమోన్, బెర్నాట్, ఆర్నౌట్. ఆడవాళ్ళలో ఆలజాయ్స్, ఫబ్రిస్స, మెంగార్ద, గ్రజీద. పారిస్‌లో ఆలిస్, మొంతయూలో ఆలజాయ్స్ రెండూ ఒకే పాత జర్మానిక్ పేరు అదెలాయిద్ నుంచి వచ్చినవే, కానీ ఒకదాని చోట ఒకటి ఇమడవు. ఆ వాంగ్మూలాలు రాసింది లాటిన్‌లో, మాట్లాడింది ఆక్సితాన్‌లో, ఇవాళ పుస్తకాల్లో అచ్చయ్యేది చాలావరకు ఆధునిక ఫ్రెంచి రూపంలో. చదువరికి అందేసరికి పేరు మూడు చేతులు మారి వస్తుంది.

ఉచ్చుల గురించి కొంచెం. షాంతాల్ వినడానికి పాతగా ఉంటుంది, కానీ 17వ శతాబ్దపు సాధ్వి జాన్ ద షాంతాల్ భర్త వైపు నుంచి వచ్చిన ఊరిపేరు అది. తెరేజ్ వ్యాప్తి 16వ శతాబ్దపు స్పెయిన్ సాధ్వి తెరీసా తర్వాతిది. ఫ్రాన్స్వా పేరు పెరిగింది 1226లో చనిపోయిన అసీసీ సాధువు పుణ్యాన, కాబట్టి 1150 నాటి పాత్రకు పెట్టడానికి వీల్లేదు. కథల్లోని పేర్ల సంగతి మాత్రం అంత తేలిగ్గా తేల్చలేం. పాత వీరగాథలోని జంట నేస్తాలు రొలాన్, ఒలివియె పేర్లను అన్నదమ్ములకు జంటగా పెట్టుకున్నవాళ్ళు 11వ శతాబ్దంలోనే ఉన్నారు. 1250లో ఈజిప్టులో క్రూసేడ్ చితికిపోయిన రోజుల్లో తొమ్మిదో లూయీకి పుట్టిన కొడుక్కి జాన్ త్రిస్తాన్ అన్నారు, ఆ దుఃఖానికి గుర్తుగా. జంట పేరు కాదా అంటే, జాన్ జ్ఞానస్నానపు పేరు, త్రిస్తాన్ పైన చేరిన పిలుపు.

ఇంతకీ ఒక పేరు కట్టి చూద్దాం. 1292 పారిస్. రొట్టెలు కాల్చే ఒక విధవరాలు, కొట్టు సొంతంగా నడుపుకుంటోంది. పుట్టింది 1250 ప్రాంతంలో, నగరానికి వచ్చింది మో పట్టణం నుంచి. ఆ తరానికి అమెలీన్ చక్కగా కుదురుతుంది. మొగుడు బతికున్నప్పుడు జెహాన్ అని ఉంటాడు, ఇంకెవరని ఉంటాడు! పన్ను గుమస్తా ఆ వీధికి వచ్చినప్పుడు ఆమెను ‘అమెలీన్ లా తలెమెలియేర్’ అని రాయొచ్చు, ‘అమెలీన్ ద మో’ అని రాయొచ్చు, లేదా పేరే వదిలేసి ‘చనిపోయిన జెహాన్ భార్య’ అని రాసుకుని పక్క గుమ్మానికి పోవచ్చు. కొన్నేళ్ళ తర్వాతి జాబితాలో అదే ఆమె ఇంకో మారుపేరుతో తేలినా ఆశ్చర్యం లేదు. చర్చికి కాస్త నేల రాసిస్తే ఆ లాటిన్ పత్రంలో అమెలీనా అవుతుంది. కొడుకు జెహానో అని ఉంటాడు, అది తండ్రి పేరుకు ముద్దురూపం, పెరిగి పెద్దయ్యాక కూడా వదలనిది. తెల్లారగట్ట రొట్టె కోసం వచ్చిన పక్కింటి పెరొన్నెల్ మాత్రం ఇవేవీ అనదు. తలుపు తట్టి అమెలీన్ అనే పిలుస్తుంది. ఆ వీధిలో ఇంకో అమెలీన్ లేకపోతే అదే చాలు.